కాసులపేరుకో కెమేరా

చిన్నప్పుడు మనందరం ఆడిన ఆటే. నోటుపుస్తకంలో కాగితం కింద పావలాకాసు పెట్టి, పైనించి పెన్సిలు అడ్డంగా పట్టి రుద్దుతూ పోతే, లోపలినించి ఎవరో తోసినట్టు మూడు సింహాలూ మెల్లిగా పైకి లేచేవి. లెక్కల మేష్టారి కంటపడితే చెవి మెలిపెట్టేవారు. అప్పుడు తెలీదు గానీ, పెద్ద పెద్ద పండితులు చేసిన పనే మనమూ చేశాం. ఫొటోగ్రఫీ లోకానికి తెలిసింది 1839లో. అంతకుముందు ఒక ఊళ్లో దొరికిన నాణేన్ని ఇంకో ఊరి పండితుడికి చూపించాలంటే ఇవే దారులు. కాగితం మీద రుద్ది పంపడం, లక్క కరిగించి అందులో ముద్ర గుద్ది పంపడం, లేదా ఓపిగ్గా కూర్చుని బొమ్మ వెయ్యడం. నాణెం మాత్రం ఇల్లు కదలదు. బంగారం దగ్గరా వెండి దగ్గరా ఎవరు ఎవర్ని నమ్ముతారు చెప్పండి?

ఈ పాత సంగతులన్నీ నేను తవ్వుకుంటూ కూచోవడానికి కారణం ఓ డిజిటల్ కెమేరా. అందరూ పెళ్లిళ్లకీ యాత్రలకీ కొనుక్కుంటారు. నేను కొనాల్సొచ్చింది ఒక కాసులపేరు కోసం.

మా అమ్మమ్మ కాసులపేరు అమ్మకి వచ్చింది. అమ్మ పోయాక మా ముగ్గురు అక్కచెల్లెళ్ల ముందుకి వచ్చింది. మొత్తం 21 కాసులు, మనిషికి 7. పేచీ రావడానికి సందే లేని లెక్క. పెద్దక్కయ్య తన ఏడూ కరిగించి కోడలికి గాజులు చేయిస్తానని ముందే చెప్పేసింది. చెల్లెలు అమెరికాలో ఉంటుంది, తన వాటా బ్యాంకు లాకర్లోకి పోతుంది. పేరు తెంపక తప్పదు. తెంపేశాక ప్రతి కాసుకీ రెండు వైపులా ఫొటోలు తీసి తలా ఒక ప్రతి పెట్టుకుందామన్నాను. బి.ఏ.లో చరిత్ర చదివిన పాపానికి ఆ పని నాకే అంటగట్టారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అవి కంసాలి చేసిన లక్ష్మీకాసులు కావు, అచ్చమైన ఇంగ్లీషు సవరన్లు. 1899 నుంచి మన దేశంలో సవరను 15 రూపాయలకి చెల్లేది. బరువు 8 గ్రాములకి వెంట్రుకవాసి తక్కువ. ఇప్పటికీ మన బంగారం కొట్లలో కాసంటే 8 గ్రాములని లెక్క కడుతున్నారంటే దాని చలవే. ఒకవైపు రాణిగారో రాజుగారో, రెండోవైపు గుర్రమెక్కి డ్రాగనును చంపుతున్న సెయింట్ జార్జి. ఆ బొమ్మ చెక్కినవాడు పిస్ట్రూచి అనే ఇటలీ శిల్పి, 1817లో. ఏ దేశపు రాజుగారి మొహాన్నో మన ఆడవాళ్లు మెళ్లో వేసుకోవడమేమిటని నవ్వకండి. మనకిది రెండువేల ఏళ్లనాటి అలవాటు. దక్షిణదేశంలో దొరికిన రోమను బంగారు నాణేల్లో కొన్నిటికి చక్రవర్తి తలకి పైన పక్కపక్కనే రెండు చిల్లులుంటాయి. దారం గుచ్చితే తల తిన్నగా నిలబడాలిగా! ఆ చిల్లులు పొడిపించుకున్న ఇల్లాలికి ఆయన పేరు తెలిసుంటుందంటే నేను నమ్మను.

సరే, కెమేరాల కొట్టుకి వెళ్లాను. ఏ కొట్టో ఎందుకులెండి. అక్కడి కుర్రాడు నా మాట పూర్తిగా వినకుండానే ఒక పెట్టె తీసి, "మేడమ్, ఇది 45 మెగాపిక్సెల్స్. కాసు మీద చీమ పాకినా దాని కాళ్లు లెక్కపెట్టొచ్చు" అన్నాడు. ధర చెప్పాడు. ఆ డబ్బుకి ఇంకో కాసు, దాని మీద ఇంకో కాసు కొనుక్కోవచ్చు. "చీమ వద్దు బాబూ, కాసు కనిపిస్తే చాలు" అని బయటపడ్డాను.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. ఇరవై ఏళ్ల కిందటి 6 మెగాపిక్సెళ్ల కెమేరా ఫొటోలో అడ్డంగా 3000 చుక్కలు, నిలువుగా 2000 ఉంటాయి. కాసు ఫొటో నిండా పడితే దాని వెడల్పుకి దాదాపు 2000 చుక్కలు. మంచి అచ్చుకి అంగుళానికి 300 చుక్కలు చాలు. అంటే 22 మిల్లీమీటర్ల కాసుని 17 సెంటీమీటర్ల పళ్లెమంత అచ్చు వేసుకోవచ్చన్నమాట. అంతకంటే పెద్దది చేసుకుని గోడకి తగిలించుకుంటామా? మెగాపిక్సెళ్ల బేరం అక్కడితో నాకు తీరిపోయింది. మరి దేన్ని చూసి కొనాలి? ఆ జవాబు కొట్లో దొరకలేదు. పాతకాలపు నాణేల పుస్తకాల్లో దొరికింది.

1830ల్లో కలకత్తా టంకశాలలో జేమ్స్ ప్రిన్సెప్ అని ఒక ఉద్యోగి ఉండేవాడు. లోహాల నాణ్యం చూడ్డం ఆయన పని. దేశం నలుమూలల నించీ ఆయనకి నాణేలూ, నాణేల ముద్రలూ వచ్చిపడేవి. వాటి బొమ్మలు గీసి, రాగిరేకు మీద తన చేత్తోనే చెక్కి, ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వేసేవాడు. కొన్ని నాణేల మీద ఒకవైపు గ్రీకు అక్షరాలు, రెండోవైపు ఎవరికీ అంతుపట్టని అక్షరాలు. జర్మన్ పండితుడు లాసెన్ 1836లో అటువంటి నాణెం మీద అగథోక్లీస్ అనే గ్రీకు రాజు పేరుని ఆ తెలియని లిపిలో చదివాడు. మరుసటి ఏడే ప్రిన్సెప్ ఆ లిపి మొత్తాన్నీ విప్పేశాడు. అదే బ్రాహ్మీ. అశోకుడి శాసనాలు నోరు విప్పింది అలాగే. అరచేతిలో దాగే లోహపు ముక్కల వల్ల ఒక దేశానికి మరిచిపోయిన చక్రవర్తి తిరిగొచ్చాడు.

అయితే బొమ్మ గీసే పద్ధతిలో ఒక చిక్కుంది. చెయ్యి కంటిమాట ఒక్కటే వినదు, మనసు మాట కూడా వింటుంది. అరిగిపోయిన అక్షరం దగ్గర, ఇది ఫలానా అక్షరమే అయ్యుంటుందని మనసు చెబితే చెయ్యి దాన్నే నిండుగా గీసేస్తుంది. తర్వాత చదివేవాడికి నాణెం మీద ఉన్నదేదో, గీసినవాడు ఊహించినదేదో తెలిసే దారి లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఫొటోలు వచ్చాక ఈ బెడద తీరిందనుకుంటాం. తీరలేదు. లోహం మెరుస్తుంది. మెరిసినచోట తెల్లటి మచ్చ, మెరవనిచోట నల్లటి మచ్చ తప్ప అక్షరం కనబడదు. అందుకని మ్యూజియంలవాళ్లు ఒక ఉపాయం పట్టారు. నాణేనికి సుద్దతో అచ్చు తీసి, ఆ అచ్చుకి ఫొటో తీసేవారు. సుద్దకి మెరుపుండదు, రంగుండదు, ఎగుడుదిగుళ్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. 1908లో బ్రిటిష్ మ్యూజియం కోసం రాప్సన్ అనే పండితుడు మన ఆంధ్ర రాజుల నాణేల మీద ఒక పెద్ద పట్టిక వేశాడు. దాని వెనక పలకల్లో వరసలు వరసలుగా సాతవాహన నాణేలుంటాయి. ఇన్నేళ్లయినా వాటిని చూస్తే ముచ్చటేస్తుంది. మన తీరం వెంట దొరికిన సీసపు నాణేల మీది రెండు తెరచాప కొయ్యల ఓడ, ఈనాటి చాలా రంగుల ఫొటోల్లో కంటే అందులోనే బాగా ఆనుతుంది. సీసపు నాణెమంటే కాటుకబిళ్లే. నలుపు మీద నలుపు. సుద్ద అచ్చుకి ఆ నలుపుతో పని లేదు.

నాణెం అసలు స్వభావం ఆ అచ్చులు చూస్తేనే నాకు బోధపడింది. దాన్ని కాగితం మీది బొమ్మలా చూస్తే లాభం లేదు. అదొక చిన్న ఊరు. అందులో మెరకలున్నాయి, పల్లాలున్నాయి. పొద్దున్న ఏటవాలు ఎండలో పొలం గట్లు ఒక్కొక్కటీ నీడతో సహా కనబడతాయి. మిట్టమధ్యాహ్నం అన్నీ చదునే. నాణేనికైనా అంతే. లెన్సు తర్వాతి మాట, ముందు వెలుతురు.

దీనికి జోగల్‌తెంబి నాణేల కంటే మంచి ఉదాహరణ లేదు. 1906లో నాసిక్ దగ్గర ఆ ఊళ్లో 13,250కి పైగా వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. అన్నీ క్షహరాత రాజు నహపానుడివి. మన గౌతమీపుత్ర శాతకర్ణి అతన్ని ఓడించాక ఆ నాణేల్ని కరిగించే తీరిక లేకపోయిందో, అవమానించాలనే సరదాయో, వాటి మీదే తన ముద్ర కొట్టించాడు. 9,270 నాణేల మీద నహపానుడి ముక్కూ మూతీ మీద శాతకర్ణి కొండగుర్తు పడింది. కిందటి మొహం పూర్తిగా చావలేదు, పై ముద్ర పూర్తిగా పరుచుకోలేదు. దీపం ఇటుంటే ఓడినవాడు తొంగిచూస్తాడు, అటుంటే గెలిచినవాడు. ఒకే నాణెం, ఇద్దరు రాజులు. దీపం జరపడానికి చోటివ్వని కెమేరాతో ఇటువంటి నాణేనికి ఫొటో తీస్తే సగం యుద్ధమే కనిపిస్తుంది.

దీపం పెట్టే దిక్కు గురించి ఇంకో తమాషా. వెలుతురు ఫొటోకి పైవైపు నుంచి, మామూలుగా ఎడమ పైమూల నుంచి, పడాలి. కిందినించి పడితే మన కన్ను మోసపోయి మెరకని పల్లంగా చూస్తుంది. రాజుగారి ముక్కు లోపలికి పోయి, చెంప గిన్నెలా కనిపిస్తుంది. నేను జార్జి చక్రవర్తిగారికి ఈ అన్యాయం కావాలనే చేసి చూశాను. స్వరాజ్యం వచ్చిన ఇన్నేళ్లకి నా వంతు!

నాణేల మాటొస్తే సర్ వాల్టర్ ఇలియట్‌ని తలచుకోకుండా ఉండలేను. మద్రాసు ప్రభుత్వంలో పనిచేసి, 1845లో అమరావతిలో తవ్వించి, సర్కారు జిల్లాలకి కమిషనరుగా ఉన్నాయన. కొలువు చేసినన్నాళ్లూ నాణేలు పోగుచేశాడు. ఆయన దక్షిణదేశపు నాణేల పుస్తకం 1886లో అచ్చయింది. అప్పటికి స్కాట్లండులో సొంతింట్లో ఉన్న ఆ ముసలాయనకి చూపు పోయింది. మరుసటి ఏడే కన్నుమూశాడు. కళ్లు లేని మనిషి నాణేల మీద పుస్తకం పూర్తి చేశాడంటే, ఒక్కొక్కటీ బొటనవేలితో తడిమి, ఇది చాళుక్యుల వరాహం, ఇది విజయనగరం హొన్ను అని చెప్పుకుని ఉంటాడనుకుంటాను. మెరకా పల్లమూ వేలికి తెలుస్తాయి కదా. కెమేరాకి మనం నేర్పాల్సింది ఆ వేలి విద్యే.

ఇక డిజిటల్ కెమేరా చరిత్ర పెద్దదేం కాదు. 1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే కుర్ర ఇంజనీరు మొదటిది తయారుచేశాడు. అడ్డంగా 100 చుక్కలు, నిలువుగా 100. ఒక్క ఫొటోని పాటల క్యాసెట్టు మీద ఎక్కించడానికి 23 సెకండ్లు పట్టేది. దాంతో కాసుకి ఫొటో తీస్తే చుక్కల ముగ్గయ్యేది. 1997లో సోనీవాళ్లు ఫ్లాపీ మీద ఫొటోలు దాచే మావికా తెచ్చారు. 1999లో నికాన్ కూల్‌పిక్స్ 950 వచ్చింది. నాణేల పిచ్చివాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. నడుము దగ్గర తిరిగే ఆ కెమేరా వస్తువుకి 2 సెంటీమీటర్ల దూరం దాకా వెళ్లి కూడా స్పష్టంగా తీసేది. చుక్కలు 20 లక్షలే, అయినా సరిపోయాయి. సరిపోనిది ఒక్కటే. కెమేరా రెండు సెంటీమీటర్ల దూరంలో కూచుంటే దీపం ఎక్కణ్ణించి పడుతుంది? కెమేరా నీడే కాసు మీద గొడుగు పట్టినట్టుంటుంది.

కనుక నాకు కావలసింది దగ్గరికి వెళ్లే కెమేరా అన్నది సగం నిజం. దూరంగా నిలబడి దగ్గరగా చూసే కెమేరా అన్నది పూర్తి నిజం. మాక్రో లెన్సులనేవి దీనికే పుట్టాయి. వాటిలోనూ 50, 60 మిల్లీమీటర్ల రకాలు కాసు మీద వాలిపోతాయి. 100 మిల్లీమీటర్ల దగ్గరి రకమైతే, కాసుని దాని అసలు కొలతలోనే లోపలి పలక మీద పడేసేటప్పుడు కూడా, లెన్సుకీ కాసుకీ మధ్య ఇంకాస్త ఎక్కువ చోటుంటుంది. ఆ చోటులోనే దీపం తిరగాలి. నేను పాతదే, ఒకరు వాడి అమ్మేసిన కెమేరా కొన్నాను. దానికి ఖర్చుపెట్టినదానికంటే లెన్సుకి ఎక్కువ పెట్టాను. ఇంట్లో అందరూ విడ్డూరంగా చూశారు. చీర కంటే జాకెట్టుకి ఎక్కువ పోసినట్టుందని చెల్లెలు ఫోనులో అంది.

మిగతావన్నీ చిన్న సరంజామా. కెమేరా కిందికి చూస్తూ కదలకుండా నిలబడే స్టాండు. వేలితో నొక్కితే అదురుతుంది కాబట్టి రెండు సెకండ్లు ఆగి తనంతట తనే తీసే టైమరు. రెండు టేబుల్ దీపాలు. ఒక గాజుపలక. ఈ గాజుపలక సంగతి చెప్పాలి. పాత దేవుడి పటం అద్దం ఊడదీసి, కాసుకీ లెన్సుకీ మధ్య ఏటవాలుగా, 45 డిగ్రీల్లో నిలబెట్టాను. పక్కనించి దీపం వేస్తే ఆ వెలుతురులో కొంత గాజు మీద కొట్టుకుని తిన్నగా కాసు మీదికి దిగుతుంది. లెన్సు అదే గాజులోంచి కాసుని చూస్తుంది. కొత్త కాసుల తళతళా, మొహాల మీది సన్నటి గీతలూ ఇలాగైతేనే తెలుస్తాయి. అరిగిన కాసులకి మాత్రం గాజు తీసేసి ఏటవాలు దీపమే మేలు.

మరి చేతిలో ఫోను పెట్టుకుని ఈ తంటాలెందుకంటారా? ఫోనుతోనూ తియ్యొచ్చు, కాస్త దూరంగా పట్టుకుని రెండింతలు దగ్గరికి లాక్కుంటే నీడ పడదు కూడా. కానీ ఫోనులో ఒక బుల్లి చిత్రకారుడు కూచుని ఉంటాడు. మసగ్గా ఉన్నచోట నున్నగా పులిమేస్తాడు, అంచు ఉందనిపించినచోట గట్టిగా గీత గీసేస్తాడు. మనవడి మొహానికి అది అందం. అరిగిన అక్షరానికి అది అబద్ధం. ప్రిన్సెప్ నాటి రాగిరేకు చిక్కే మళ్లీ వచ్చిందన్నమాట. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో, ఇప్పుడు జగిత్యాల జిల్లాలో ఉన్న కోటిలింగాలలో దొరికిన నాణేల మీద 'సిరి ఛిముక' అన్న పేరుని పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు చదివి ప్రకటించారు. సాతవాహనులకి మూలపురుషుడైన శ్రీముఖుడు అతడేనని చాలామంది అంటారు. రెండు మూడు అక్షరాల మీద ఒక వంశం మొదలు నిలబడి ఉంది. అటువంటిచోట గీత ఉన్నదా, ఫోను గీసిందా అని అనుమానం రాకూడదు. అందుకే కెమేరాకి తను చూసింది చూసినట్టు, దిద్దకుండా దాచే 'రా' పద్ధతి ఉందో లేదో అడిగి కొనండి.

ఫొటోకి ముందు నాణేల్ని తోమకండి. మనకి ఇత్తడి బిందె అలవాటు కొద్దీ చెయ్యి చింతపండు మీదికి పోతుంది. బంగారమైతే గోరువెచ్చటి నీళ్లలో ముంచి, మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్దితే చాలు. రాగి, వెండి, సీసం జోలికి అసలు పోవద్దు. చింతపండు పులుసులో పోయిన అక్షరాన్ని ఏ లెన్సూ తిరిగి తేలేదు.

నాలుగు ఆదివారాలు పట్టింది నాకు. 21 కాసులు, 42 మొహాలు. కంప్యూటరు తెర మీద పెద్దవి చేసి చూస్తుంటే, సెయింట్ జార్జి గుర్రం కాళ్ల కింద, నేల గీత మీద, సంవత్సరానికి సరిగ్గా పైన ఆవగింజంత అక్షరం కనిపించింది. ఏ టంకశాలలో కొట్టారో చెప్పే గుర్తు అది. అక్షరం లేకపోతే లండన్. ఎం ఉంటే మెల్‌బోర్న్, ఎస్ ఉంటే సిడ్నీ, పి ఉంటే పెర్త్. మా అమ్మమ్మ గోదావరి దాటి ఎక్కడికీ వెళ్లిన మనిషి కాదు. ఆవిడ మెళ్లో 9 లండన్ కాసులు, 6 మెల్‌బోర్న్, 3 పెర్త్, 2 సిడ్నీ. ఆస్ట్రేలియా గనుల్లో ఎవరో తవ్విన బంగారం ఆవిడతో పాటు అట్లతద్దికి ఉయ్యాలూగింది.

లెక్కకి ఒకటి తక్కువొచ్చింది కదా. ఆ ఇరవయ్యొకటోది 1918 నాటిది. దాని మీద ఐ అనే అక్షరం ఉంది. ఇండియాకి గుర్తు. మొదటి ప్రపంచయుద్ధంలో సముద్రం మీద బంగారం తేవడం ప్రమాదమైపోయి, బొంబాయిలోనే లండన్ టంకశాల శాఖ ఒకటి పెట్టారు. అది 1918 ఒక్క ఏడే సవరన్లు కొట్టింది, 13 లక్షలకి కొంచెం తక్కువ. 1919లో మూసేశారు. అంతకుముందూ ఆ తర్వాతా బ్రిటిషువాళ్ల హయాంలో మన దేశంలో సవరను పుట్టలేదు. అలాగని అదేదో అపురూపమైన నాణెమనుకునేరు. లక్షల్లో ఒకటి. పైగా కొక్కెం అతికించిన కాసుకి నాణేలు సేకరించేవాళ్లు బంగారం ధర కంటే పెద్దగా ఇవ్వరు.

ఆ ఐ కాసు చీట్లు వేసినప్పుడు పెద్దక్కయ్య వాటాలో పడింది. తెర మీద చూపించాను. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "బాగుందే" అంది. గాజులు మాఘమాసానికి తయారయ్యాయి, ఏడు కాసులూ అందులోనే ఉన్నాయి.

ఫొటోలకి పక్కనే ఒక మిల్లీమీటర్ల స్కేలు ముక్క పెట్టి తీశాను. ప్రతిదానికీ బరువు తూచి రాశాను, కొక్కెంతో సహా అని కూడా రాశాను. కొక్కెం రాజుగారి తలకి పైన అతికారు కాబట్టి అక్షరాలు కొన్ని దాని కిందికి పోయాయి. గుర్రం కాళ్ల కిందిది మాత్రం క్షేమం. బొంబాయి కాసు తూకం 8.31 గ్రాములు. మొహం వైపు మెడ దగ్గర ఒక చిన్న నొక్కు ఉంది, ఏటవాలు దీపంలోనే కనిపిస్తుంది.